పాస్‌వర్డ్ చెప్పని నర్మద

"ఆరుగురు మనుషులు. తొంభై రోజులు. ఆ కంప్యూటర్ గదిని వాళ్ళే కాపాడుకునేలా తయారు చెయ్యి."

హైదరాబాద్‌లో చీఫ్ అంతే చెప్పాడు. 1991 జనవరి. శ్రీరాంపూర్ బొగ్గు గనులకు దగ్గర్లో ఒక పేలుడు మందుల డిపో. ఏ లారీ ఏ దారిన ఎప్పుడు వెళ్తుందో ఆ జాబితా అంతా కొత్తగా పెట్టిన కంప్యూటర్లో ఉంది. ఒక విదేశీ ముఠాకు ఆ జాబితా కావాలి. దొరికితే దారి కాచి లారీలు ఎత్తుకుపోతారు, డ్రైవర్లను చంపేస్తారు.

వెళ్ళినవాడి పేరు జలపతిరావు. అసలు పేరు అది కాదు. అసలు పేరుతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు కనుక మనకూ ఇదే చాలు.

వెళ్ళీ వెళ్ళగానే తల పట్టుకున్నాడు. ఆరుగురూ బంగారం లాంటి మనుషులు, అదే వచ్చిన చిక్కు. భూమన్న ఆలస్యమైతే నర్మద అతడి పాస్‌వర్డ్ కొట్టి హాజరు వేసేది. నర్మదకు జ్వరమొస్తే ఐలవ్వ వేసేది. దోస్తుకు ఆమాత్రం చెయ్యకపోతే ఎట్లా అని వాళ్ళ వాదన.

జలపతిరావు డ్యూటీ చార్టు గీశాడు. షిఫ్టుకు ఇద్దరు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకే. ఫోన్లో ఎవరడిగినా పెట్టేసి, ఎక్కడినుంచి వచ్చిందో ఎక్స్ఛేంజిని కనుక్కుని, ఆ నంబరుకే తిరిగి చెయ్యాలి. ఈలోపు రెండో మనిషి అక్కడికి సెక్యూరిటీ జీపు పంపాలి. మేనేజరు గొంతుతో, పోలీసు గొంతుతో తానే ఫోన్లు చేసి పరీక్షించాడు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నర్మద. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడులో పెరిగిన ఇరవై రెండేళ్ళ పిల్ల.

సాయంత్రమైతే గెస్ట్ హౌస్‌లో మాట్లాడేందుకు మనిషి లేడు. అందుకే ఢిల్లీ నుంచి అసిస్టెంటునంటూ సరళాదేవి వచ్చినప్పుడు ఆమె కాగితాలు చూడాల్సినంతగా చూడలేదు. పట్టుచీర, లైటర్లో దాచిన కెమెరా, చెప్పింది శ్రద్ధగా వినే అలవాటు. గూఢచారికి వినేవాళ్ళు దొరికితే ఇంకేం కావాలి, పాపం! టీ తాగుతూ చిన్నప్పటి సంగతులు కూడా చెప్పేశాడు.

ఎనభై తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడు యాభై. గెస్ట్ హౌస్ గదిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ అతడి కణతకు ఆనింది.

"నర్మదను పాస్‌వర్డ్ అడుగు. నీ మాట కాదనదు," అంది సరళాదేవి. "నాలుగు దాకా టైం."

అతడు ఫోనెత్తాడు. మొదట నర్మద చెప్పదన్న ధీమాతోనే అడిగాడు. తర్వాత గడియారం చూశాడు. తాను చస్తే ఏడ్చేవాళ్ళెవరని ఆలోచించాడు, ఒక్కరూ తేలలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి భయమేసింది. అప్పుడు నిజంగానే బతిమాలాడు.

"నర్మదా, చెప్పమ్మా. చెప్పకపోతే నన్ను చంపేస్తారు."



"మీకు గూడ చెప్పద్దని మీరే చెప్పిండ్రు, సార్."

నర్మద ఫోన్ పెట్టేసింది.

మూడు యాభై తొమ్మిది. ట్రిగ్గర్ మీద సరళాదేవి వేలు బిగిసింది. అంతలో ఫోన్ గణగణా మోగింది. నేర్పినట్టే నర్మద తిరిగి చేస్తోంది. సరళాదేవి చూపు అటు తిరిగింది. ఆ ఒక్క క్షణంలో జలపతిరావు ఆమె మణికట్టు మెలితిప్పాడు. గుండు పోయి సీలింగుకు తగిలింది. షిఫ్టులో రెండో మనిషి భూమన్న పంపిన జీపు అప్పటికే గెస్ట్ హౌస్ గేటు దాటింది.

మర్నాడు మంచిర్యాల బస్టాండుకు నర్మద ఒక్కతే వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"పిస్తోలు నిజమే గని, మీరు బతిమాలింది ఉత్తదే గదా, సార్?"

నిజం చెప్తే ఈ పిల్ల జన్మలో నిద్రపోదు. ఉత్తదేనన్నాడు. అదే ఆఖరి పరీక్ష అన్నాడు. నూటికి నూరు వచ్చాయన్నాడు.

నర్మద మనసు కుదుటపడింది. కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"మరి మీకెన్నచ్చినయి, సార్?"

అతడు కరీంనగర్ బస్సెక్కాడు. ముప్పై అయిదు కూడా రాలేదని చెప్పుకుందామంటే పక్క సీట్లో ఎవరూ లేరు.