అద్దం కింద తొమ్మిది మెత్తలు

"తమ్మీ, గా బస్సు ఏడికి పోతది?"

"నిర్మల్ బస్సక్కా. మనది కాదు."

ఆర్మూరులో బస్సులకు ఊరి పేర్లు రాయడం మానేసి ఇరవై ఏళ్లయింది. ఎవరికి ఏ బస్సు కావాలో కంట్లోని చూపుపొరే చెబుతుంది. పుట్టిన ఏడాదికే కనుగుడ్డుకు అతికే ఆ పొర మసకను తుడిచేస్తుంది, వంకరను తిన్నగా దిద్దుతుంది. భూమేశ్ అక్క గంగామణి కళ్లకు మాత్రం అది పడలేదు. అందుకే నలభై ఏళ్లొచ్చినా ఆమెకు ప్రతిదీ ఒకరిని అడగాల్సిందే, అందరిచేతా "పాపం" అనిపించుకోవాల్సిందే.

ఆ మధ్యాహ్నం ఇల్లు చేరగానే భూమేశ్ ఆమెను డాబా మీదికి తీసుకెళ్లాడు. ఏడాదిపాటు చేత్తో అరగదీసిన పదంగుళాల అద్దం టెలిస్కోపు గొట్టం అడుగున కూర్చుని ఉంది. చూపుపొర ఆపేసి, ఏ దిద్దుబాటూ లేని శనిగ్రహాన్ని ఒక్కసారి చూడాలని అతని కోరిక. పొర ఆపడానికి అనుమతి దొరికింది ఒక్క పూటకే. అది ఈ సాయంత్రమే.

దూరంగా నీళ్ల ట్యాంకు మీద ఉక్కు గోళీ పెట్టి వచ్చాడు. దాని మీది ఎండ మెరుపే పరీక్షకు చుక్క; అద్దం సరిగ్గా ఉంటే అది ఒక్క మొనలా కనబడాలి.

"సూదిమొన లెక్క ఉన్నది, చూడక్కా."

గంగామణి కన్ను పెట్టి మొహం చిట్లించింది. "సూదిమొన ఏడిదిరా? పల్లేరుకాయ లెక్క మూడు కొమ్ములున్నయి."

భూమేశ్ నవ్వబోయి ఆగిపోయాడు. వంకరలన్నీ పొర దిద్దేస్తుంటే తన అద్దం వంకర తనకెలా తెలుస్తుంది? ఊళ్లో పదిమందికి చూపిస్తే పదిమందీ భేష్ అన్నారు. పదిమందివీ పొర కళ్లే మరి!

అద్దం బయటికి తీశాడు. బిగించేనాడు జారిపోతుందన్న భయంతో వెనుక మూడుచోట్ల జిగురు దట్టించి, అంచున కొక్కేలు బిగించేశాడు.

"పసిపిల్లను గిట్ల బిగదీసి పండవెడ్తరార?" అంది గంగామణి.

గాజు తన బరువుకే వంగుతుందనీ, బిగిస్తే మరీ వంగుతుందనీ అతను చదివాడు. కానీ కంటికి కనబడని తప్పును ఎవరు నమ్ముతారు? అద్దం కింద ఆనికగా పెట్టడానికి పద్ధతి ప్రకారం చేసిన మూడు ముక్కోణపు రేకులను, ఊగుతున్నాయని తనే అప్పుడు మూలకు గిరాటేశాడు. ఊగడమే వాటి పని!

జిగురు గీకేశారు. ఒక్కో రేకును నడిమి బొడిపె మీద నిలిపి, మూలకొకటిగా ఉన్ని మెత్తలు అతికించారు. తొమ్మిది మెత్తలూ బరువును సమానంగా పంచుకున్నాయి. కొక్కేలకూ అద్దానికీ నడుమ కాగితమంత సందు వదిలారు.

గంగామణి మళ్లీ చూసింది. "ఇగ గిప్పుడు సూదిమొన!"

పొద్దుగూకింది. తూర్పున శని పైకొచ్చాక భూమేశ్ పొర ఆపి కన్ను పెట్టాడు.

తెల్లటి మసక. బొమ్మను తేటపరిచే మర ఎటు తిప్పినా అదే మసక. పొర నీడన పెరిగిన ఆ కళ్లు సొంతంగా చూడటం ఎన్నడూ నేర్చుకోలేదు. ఎవరైనా ఒకనాడు తమ కళ్లతోనే చూడాలనుకుంటారని పొర చేసినవాళ్లకు తట్టనే లేదు.

"ఏం కనవడ్తలేదక్కా."

"పొర మళ్ల చాలు చేస్కోరాదు మరి? కనవడ్తది."

"పల్లేరుకాయను గూడ సూదిమొన అన్నది అది. దాన్నెట్ల నమ్మాలె? నువ్వు చూసి చెప్పు."

గంగామణి కదల్లేదు. ఏం కనిపిస్తోందని ఆమెను అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. తర్వాత మెల్లగా వంగింది.

"చిన్నగ నిమ్మపండు రంగున్నదిరా. సుట్టూత పల్లెం అంచు లెక్క ఒకటున్నది, దానికి తాకకుంట నిలవడ్డది. జరంత వణుకుతున్నది."

"ఎందుకక్కా?"

"గాలికో ఏమో. నాకు ఏడ్పొస్తున్నది, అందుకో ఏమో."

భూమేశ్ కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా చెప్పక్కా," అన్నాడు.