పైగది తప్పులు, కిందిగది వెలుగులు

నా నోట్లో పళ్ళన్నీ నా సొంతం. ఈ వయసులోనూ రాయిలాంటి బిస్కెట్టు చేతికిస్తే కటుక్కున కొరికి చూపిస్తాను. ఆ పళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఈ కథలో ఒక్క అక్షరమూ కల్పితం కాదు. నమ్మితే కూర్చోండి. నమ్మకపోయినా కూర్చోండి.

మా వీధి మలుపులో ఒక మేడ ఉంది. కింద పళ్ళ డాక్టరమ్మ క్లినిక్. మనిషి చిన్నదే గాని చెయ్యి గట్టిది. దవడపన్ను పీకేటప్పుడు ఆ చెయ్యి వణకగా చూసినవాడు లేడు. ముందుగదిలో టోకెన్లిచ్చేది ఆమె మేనత్త. నోరు తెరవమని లోపల డాక్టరమ్మ అంటుంది, నోరు మూసుకుని కూర్చోమని బయట అత్త అంటుంది. అలా సాగిపోతుండేది.

ఒకరోజు బస్సు డ్రైవరొకాయన కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు. డాక్టరమ్మ మిషను అందుకుంది. సరిగ్గా అప్పుడే, పైన తెల్లగా వెలుగుతున్న బల్బు నిప్పుకణికలా ఎర్రబడింది.

డ్రైవరు చటుక్కున లేచి కూర్చున్నాడు. "ఏంటమ్మా, నా పన్ను అంత సీరియస్సా?"

"అబ్బే, పన్ను కాదండీ, బల్బు..."

"ఏదైనా సరే. ఎర్రలైటు పడితే నేను ఆగిపోతానమ్మా. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కసారీ దాటలేదు," అంటూ మెడకి కట్టిన గుడ్డతోనే వీధిలోకి నడిచాడు.

మర్నాడు ఒక టీచరుగారు అలాగే పారిపోయింది. వారం తిరిగేసరికి వీధంతా 'దెయ్యాల క్లినిక్' అని పేరు పెట్టేసింది.

"ఈ గదికేదో గాలి సోకిందే," అంది అత్త.

"గాలి కాదత్తా. బల్బు ఎర్రబడ్డప్పుడల్లా పైనుంచి 'అబ్బా' అని వినిపిస్తోంది. ఎప్పుడైనా పచ్చబడితే ఈల వినిపిస్తోంది."

"దెయ్యాలు ఈలేస్తాయా?"

"అదే చూసొస్తా."

నొప్పి ఒకచోట, దాని వేరు ఇంకోచోట ఉంటే వెతికి పట్టుకోవడం ఆమె చదువుకున్న చదువే. బయటి మెట్లెక్కి పైగది తలుపు కొట్టింది. జుట్టు పిచ్చుకగూడులా రేగిన కుర్రాడొకడు తలుపు తీశాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే బ్రహ్మచారి.

"ఇందాక 'అబ్బా' అన్నది మీరేనా?"

"నేనేనండీ. ప్రోగ్రాం ఫెయిలైతే అలా అంటుంటాను."

"పాసైతే ఈల?"

కుర్రాడి కళ్ళు ఇంతింతయ్యాయి. "ఇదంతా మీకెలా..."

"ఎలా ఏంటండీ! మీరు ఫెయిలైతే నా పేషెంట్లు పారిపోతున్నారు!"

విషయం తేలడానికి ఆట్టే సేపు పట్టలేదు. చవగ్గా వస్తున్నాయని ఇంటి ఓనరు మేడంతా స్మార్ట్ బల్బులు బిగించి, అందరికీ కలిపి ఒకటే వైఫై ఇచ్చాడు. కుర్రాడు తన బల్బు కోసం ఒక షెల్ స్క్రిప్ట్ రాసుకున్నాడు. అదేం బ్రహ్మవిద్య కాదు. పనివాడికి చీటీ రాసిచ్చినట్టు కంప్యూటరుకి నాలుగు ముక్కలు రాసిపెట్టడం: ప్రోగ్రాం తప్పితే ఎర్రగా వెలిగించు, సరిగ్గా నడిస్తే పచ్చగా వెలిగించు. చీటీలో బల్బు నంబరు కూడా రాశాడు. ఆమధ్య కరెంటు పోయి వచ్చినప్పుడు వైఫై పెట్టె ఆ నంబర్లన్నీ మార్చేసి, అతని బల్బు నంబరు కింద క్లినిక్ బల్బుకి ఇచ్చేసింది.

"బస్సులో నా ఫ్రెండ్ లేచిపోయిన సీట్లో ఇంకెవరో కూర్చున్నారనుకోండి. నేను చూసుకోకుండా వాళ్ళ వీపు మీద చరిచినట్టయింది," అన్నాడు కుర్రాడు.

"ఆ వీపు నాదన్నమాట!"

కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు. "నా బల్బు రంగు మారకపోతే పాడైపోయిందనుకున్నానండీ."

"బల్బు బాగానే ఉంది. మీ ప్రోగ్రాములే... ఒకటే ఎరుపు. పచ్చ చూసి ఎన్నాళ్ళయిందో!"

"గమనించారా?"

"నా నెత్తిమీదే వెలుగుతుంటే గమనించక?"

ఆ పూటే స్క్రిప్టు సరిచేశాడు. బల్బులను నంబరుతో కాకుండా పేరుతో పిలిచేలా మార్చాడు. తన బల్బుకి 'పన్ను' అని, అతని బల్బుకి 'అబ్బా' అని డాక్టరమ్మే పేర్లు పెట్టింది.

పీడ వదిలిందని సంతోషించాలి కదా! ఆమెకి ఎందుకో ఏమీ తోచలేదు. పైన 'అబ్బా' వినిపించేది. తలెత్తి చూస్తే బల్బు పాలలా తెల్లగా, తనకేమీ ఎరుకలేనట్టు వెలుగుతుండేది. ఎవరో కబుర్లు చెబుతూ చెబుతూ మధ్యలో లేచిపోయినట్టుండేది.

చివరికి ఆమే పైకెళ్ళి అడిగింది. "ఆ చీటీలు రాయడం నాకూ నేర్పండి. పిల్లలు నోరు తెరిస్తే రంగులు చూపిస్తాను."

మధ్యాహ్నం క్లినిక్ ఖాళీగా ఉన్నప్పుడు పాఠాలు మొదలయ్యాయి. వెలుగు, కాసేపు ఆగు, ఆరిపో, మళ్ళీ మొదటికి రా.

"ఆపమని రాయకపోతే?"

"ఎవరో ఒకరు వచ్చి ఆపేదాకా కొట్టుకుంటూనే ఉంటుందండీ," అని ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు.

"దేని గురించి చెబుతున్నారు?"

"బల్బు గురించేనండీ!"

అయితే దెయ్యం పేరు మాత్రం వదల్లేదు. పేషెంట్లు పలచబడ్డారు. అత్త వేరే పేటలో గది చూసి, లారీ కూడా మాట్లాడేసింది. డాక్టరమ్మ ఆ మాట కుర్రాడికి చెప్పి, అతని మొహంలోకి చూస్తూ నిలబడింది.

"సోమవారం వెళ్ళిపోతున్నాం."

"అలాగా..." కుర్రాడు రేగిన జుట్టు ఇంకాస్త రేపుకున్నాడు. "సామాను సర్దడానికి సాయం రానా?"

"అట్టపెట్టెలకి టేపు కూడా మీరే తెస్తారా?"

"ఉందండీ. వెడల్పాటిది."

డాక్టరమ్మ పళ్ళు నూరింది. పళ్ళ డాక్టర్లు చేయకూడని పని అది.

సోమవారం ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. గుమ్మంలో లారీ. కుర్చీలో ఆఖరి పేషెంటు, పెట్టుడు పళ్ళ అచ్చు కోసం నోటినిండా ముద్ద కూరుకున్న ఒక ముసలాయన. డాక్టరమ్మ ఫోను మోగింది. పైనుంచి మెసేజి.

'మీ కంప్యూటర్లో జవాబు అని ఒక స్క్రిప్టు పెట్టాను. మీరు వెళ్ళిపోతే నేను ఫెయిలైనా పాసైనా చూసేవాళ్ళుండరు. మీరంటే నాకిష్టం. నన్ను పెళ్ళి చేసుకోవడం ఇష్టమైతే పచ్చ అని, కాకపోతే ఎరుపు అని రాసి, పక్కన నా బల్బు పేరు రాసి నొక్కండి. ఎరుపైతే టేపు పట్టుకుని దిగుతాను.'

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. పచ్చ అని రాసింది. దవడపన్ను దగ్గర వణకని చెయ్యి అక్కడ వణికింది. పేరు రాయడం మరిచి నొక్కేసింది.

పేరు లేకపోతే ఆ స్క్రిప్టు అన్ని బల్బులనీ పిలుస్తుందట. మేడ మేడంతా పచ్చగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కగది టైలరు కత్తిరిస్తున్న తెల్లగుడ్డ పచ్చబడింది. ఒంటినిండా సబ్బుతో ఉన్న ఓనరు, "అయ్యో, నేను పచ్చబడిపోయాను!" అంటూ తువ్వాలు చుట్టుకుని కిందికి పరిగెత్తుకొచ్చాడు.

అతని వెనకే కుర్రాడు. తల నుంచి కాళ్ళ దాకా తడిసి ముద్దయి ఉన్నాడు. "పచ్చ... పచ్చేనాండీ?"

"కనిపించడంలేదా?" అన్నాడు ఓనరు.

"ఎవరిది ఈ నిర్వాకం?" అత్త కేకేసింది.

"నాదే అత్తా," అంది డాక్టరమ్మ. "పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఊఁ అన్నాను."

"ఊఁ అంటే చెవిలో అనాలి గాని, ఇంతమందికి లైట్లేసి చెబుతారుటే!" అత్త కుర్రాడి వైపు తిరిగింది. "అయితే ఆ ఎర్రదెయ్యానివి నువ్వేనా?"

"నేనేనండీ."

"అందరూ విన్నారుగా? దెయ్యం దొరికింది! నెలనెలా జీతం తెచ్చుకునే దెయ్యం!" అని, గుమ్మం వైపు చెయ్యూపింది. "లారీ వెనక్కి తిప్పవయ్యా. బాబూ, నువ్వు మీవాళ్ళని పిలుచుకురా, మాట్లాడుకుందాం. ముందు ఇద్దరూ కలిసి ఆ లైట్లాపండి!"

ఆపితేగా! ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయారు. కుర్చీలో ముసలాయన నోట్లో ముద్ద గట్టిపడిపోతున్నా పట్టించుకున్న నాథుడు లేడు. ఆ ముసలాయన ఎవరంటారా? నేనే. ఇప్పుడు నా నోట్లో ఉన్నవి ఆ అచ్చులో పోసిన పళ్ళే. డబ్బిచ్చి కొనుక్కున్నాను కాబట్టి సొంతమే కదా!

ఇక వాటి మీద వేసిన ఒట్టంటారా... ఒక్క ముక్క ఒప్పుకుంటాను. ఆ రోజు వాన లేదు. చినుకైనా పడలేదు. ప్రేమకథలో వాన లేకపోతే మీరు ఊరుకోరని నేనే కురిపించాను.

మరి కుర్రాడు అంతలా ఎలా తడిశాడనేగా? జవాబొచ్చేదాకా బల్బు కింద కూర్చున్నాడు కదండీ. అదంతా చెమట.