కొమ్మ చీలిన చోట

తలుపు ధడేలున వేసి లోపలికొచ్చిన మొదటి రోజే అతను ఆమెకి శత్రువైపోయాడు. వైరు బిగించడానికొచ్చి వైరి అయ్యాడన్నమాట!

"మూడు రోజుల రికార్డింగు తగలెట్టారు!" అంది పురుగుల పరిశోధకురాలు.

"వేసింది తలుపేగా మేడమ్?" అన్నాడు సౌండు మెకానిక్కు.

"మీకు తలుపు. వాటికి భూకంపం."

అవి చిక్కుడు మొక్క మీది డాలు పురుగులు. పచ్చటి ఒళ్ళు, వీపున డాలు, ముట్టుకుంటే ముక్కు మూసుకోవాల్సిన వాసన. ఆడది పొట్ట వణికించి పిలుస్తుంది. గాలిలో చప్పుడుండదు, వణుకు కాడ వెంట పాకి మగదాని కాళ్ళకి అందుతుంది. కొమ్మ చీలిన చోట మగది చెరోవైపు కాళ్ళు వేసి ఆగి, వణుకు ఎటునుంచి వస్తే అటు నడుస్తుంది.

"మనకేమో కంపు, వాటిలో వాటికి కంపనమా!" అన్నాడతను.

ఆమె నవ్వలేదు. పెదవి కొరుక్కుంది, అంతే.

నెల గడిచింది. అతని పనికి ఆఖరి సాయంత్రం. బయట వాన. అద్దాలు బిగించిన గదిలో మాత్రం చినుకు చప్పుడైనా లేదు. కాడకి తగిలించిన మైకులోంచి ఆమె హెడ్‌ఫోన్లలోకి పిలుపు వస్తోంది. గుర్ర్... గుర్ర్...

ఆమె ఆకు వైపు చూసింది. ఆడ పురుగు వెల్లకిలా పడి ఉంది. ఆరు కాళ్ళూ ముడుచుకుని, చచ్చి.

మరి పిలుస్తున్నదెవరు?

కొమ్మ మీది మగ పురుగు కదిలింది. చీలిక దగ్గర ఆగింది. చచ్చినదాని వైపు చూడనైనా చూడకుండా కిందికి దిగింది. కుండీ దాటింది. బల్ల మీదికొచ్చింది.

"మేడమ్..."

ఆమె కెవ్వుమంది. పక్కనే అతను, బల్ల అవతలి అంచు పట్టుకుని.

"ఎప్పుడొచ్చారు?"

"ఇందాకే. మీరు చెప్పినట్టే తలుపు మెల్లగా వేశాను."

"చెయ్యి తీయండి."

తీశాడు. పిలుపు ఆగిపోయింది.

"పెట్టండి."

గుర్ర్... గుర్ర్...

"చలికి వణుకుతున్నారా?"

"కాదు."

"జ్వరమా?"

"కాదండీ. రేపట్నించి నాకిక్కడ పనిలేదు. ఒక మాట చెప్పాలని నెల్లాళ్ళుగా... నోరు పెగల్లేదు."

"నోటితో పనిలేదు లెండి."

హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకి తగిలించింది. బల్ల ఇవతలి అంచున తన అరచెయ్యి ఆనించింది.

అతని కళ్ళు పెద్దవయ్యాయి. "ఇదేంటి, ఇప్పుడు రెండు వినిపిస్తున్నాయి?"

ఆమె చెయ్యి తీయలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

బల్ల నడుమ డాలు పురుగు ఆగిపోయింది. అటు మూడు కాళ్ళు, ఇటు మూడు కాళ్ళు చాచి, ఎటు వెళ్ళాలో తెలీక అలాగే నిలబడిపోయింది.