నీలి మంట ఆరకముందే

అగ్నియా ఇల్లు వెచ్చబెట్టే ఇటుక పొయ్యిలో నిప్పులు ఎగదోస్తోంది.

పెరటి తలుపు ధడాల్న తెరుచుకుంటుంది!

"అక్కా... నన్ను దాచెయ్! పోలీసులు!"

జఖార్ ఒంటినిండా మంచు. చేతులకు పెట్రోల్ వాసన. నది ఒడ్డుదాకా పరిగెత్తి, సందులన్నీ తిరిగి, మళ్ళీ ఈ కొండ మీదికే వచ్చాడు.

వీధి అవతల ప్లటోన్ మాస్టారి ఇల్లు ఇంకా ఎర్రగా మండుతోంది. నూరేళ్ళు దాటిన చెక్క ఇల్లు. చూరుకు లేసు అల్లినట్టు నగిషీలు, కిటికీల నెత్తిన చెక్కిన సూర్యుళ్ళు... సైబీరియాలోని ఈ తోమ్స్క్ ఊరు చూడవచ్చిన వాళ్ళంతా ఫోటో తీసుకునే ఇల్లు.

"మాస్టారు లోపలే ఉన్నారు రా."

"ఊళ్ళో లేడనుకున్నా!"

అబద్ధం! కిటికీలో ముసలాయన్ని చూశాకే అద్దాల మీదికి బయటి చెక్క రెక్కలు మూశాడు జఖార్. బయటినుంచి ఇనప గడియ దించాడు. అద్దం మీద పిడికిలి చప్పుడు... ఒకటి... రెండు... అంతే.

"బిల్డరు ఖాళీ చెయ్యమంటే చెయ్యడే! ఇక్కడ కోట కట్టిన రోజుల్నించి రైలు మన ఊరికి రాకుండా పోయిందాకా, దొరికినోడికల్లా చరిత్ర చెప్పడం! పాత కట్టడాన్ని కూల్చకూడదట. కాలిపోతే కూల్చొచ్చుగా!"

"తర్వాత?"

"తర్వాత మనిల్లు. లిఫ్టున్న ఫ్లాటిస్తారక్కా. ఎన్నాళ్ళు మోస్తావీ నీళ్ళ బకెట్లు?"

"నాకు చదువు చెప్పారాయన."

"నన్ను మూలన నిలబెట్టాడు!"

టక్! టక్! టక్!

జఖార్ పొయ్యి వెనక సందులోకి దూరతాడు. ఊపిరి బిగపడతాడు.

"ఏమ్మా, మీ తమ్ముడొచ్చాడా?" పోలీసు గొంతు.

"వాడా! ఈ గడప తొక్కి రెండేళ్ళయింది."

"చేతికి ఆ గుడ్డేంటి?"

"కాలింది. వేడి ఇనుము పట్టుకున్నాను."

"జాగ్రత్తమ్మా. కనిపిస్తే కబురు చెయ్యి."

తలుపు మూసుకుంటుంది. జఖార్ పగలబడి నవ్వుతాడు.

"అక్కవి కాదే నువ్వు... అమ్మవి!"

అగ్నియా సీసా అందుకుంటుంది. వోడ్కా పోస్తుంది. ఊరబెట్టిన దోసకాయ ముక్క పెడుతుంది. మళ్ళీ పోస్తుంది.

వెచ్చగా ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"అక్కా, పొగగొట్టం మూత అప్పుడే మూసెయ్యకు. బొగ్గుల మీద నీలి మంట ఆరాలి, లేదంటే విషపు గాలి ఇంట్లోనే నిండుతుంది. వేడి పోతుందని తొందరపడే కదా నాన్న..."

"తెల్లారి లేవలేదు. గుర్తుంది. పడుకో."

...

తల పగిలిపోతోంది!

కణతల్లో సుత్తి దెబ్బలు. వాంతి వస్తోంది. వోడ్కానా? కాదు... కాళ్ళు కదలడం లేదు!

పొయ్యి వైపు చూస్తాడు. బొగ్గుల మీద నీలి మంట నాట్యమాడుతోంది.

పైన మూత... మూసి ఉంది!

"అక్కా..."

అగ్నియా గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళకు ఉన్ని బూట్లు. ముక్కు చుట్టూ బిగించిన శాలువా. కుడి అరచేతికి గుడ్డ.

ఇనుము... వేడి ఇనుము!

మాస్టారి కిటికీ గడియ! మంటల్లో దాన్ని ఎత్తబోయింది... ఎత్తలేకపోయింది!

ఆమె వెనక్కి తిరుగుతుంది. వెళ్ళిపోతుంది. తాళం తిరుగుతుంది.

బయట కిటికీ రెక్క మూసుకుంటుంది. ఇనప గడియ పడుతుంది.

ఖణేల్!

రెండో కిటికీ.

ఖణేల్!

చీకటి. జఖార్ మోచేతుల మీద పాకుతాడు. పిడికిలి అద్దందాకా చేరుతుంది. ఒక్కసారి తడుతుంది.

బయట మంచులో అడుగుల చప్పుడు... ఆగదు.