కొత్తవాడలో పాత కంప్యూటర్

"దీన్ని ఇంక తీసేయుండ్రి మేడమ్. కొత్తది కొనుక్కుంటే నయం," అన్నాడు రిపేరుకొచ్చిన బాలరాజు, కంప్యూటర్ మూత కూడా విప్పకుండానే.

విజయశ్రీకి ఒళ్లు మండింది. "లేవనీకె జర ఆలస్యమైతాందని ఇంట్ల ముసలోళ్లను గూడ తీసేస్తరా?"

అతను నేలమీద కూర్చుని స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. గడపలో చిక్కుడుకాయలు గిల్లుతున్న పక్కింటి సమ్మమ్మ ముసిముసిగా నవ్వుకుంది.

కొత్తవాడలోని ఆ ఇంట్లో విజయశ్రీ ఒక్కతే ఉంటుంది. తండ్రి వెంకటరాజం కిందటేడు చలికాలంలో పోయాడు. అన్నావదినలు దూరాన భివండిలో ఉంటారు, పండక్కో ఫోన్ చేస్తారు. తండ్రి నేసిన జంపఖానాల డిజైన్లన్నీ ఆమే కంప్యూటర్లోకి ఎక్కించింది. ఇప్పుడు కొత్తవి గీసి నేతవాళ్లకిస్తోంది. పొద్దున్నే ఆ కంప్యూటర్ ఫ్యాను రొద తప్ప ఇంట్లో మరో చప్పుడుండదు. వారంగా ఫ్యాను తిరుగుతోంది, బీప్ బీప్‌మంటోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటోంది.

బాలరాజు ర్యామ్ ముక్కను బయటికి తీసి, అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి, దుమ్ము ఊది మళ్లీ పెట్టాడు. స్క్రీన్ వెలిగింది. డిజైన్లన్నీ భద్రంగా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తెరిచి చూస్తుంటే ఆమె కళ్లు తడిశాయి. అతను చూడనట్టు తల తిప్పుకున్నాడు. తమది ధర్మసాగర్ అని, అమ్మ పోయాక హన్మకొండలో గది తీసుకుని ఒక్కడే ఉంటున్నానని అడగకుండానే చెప్పాడు.

మర్నాడు కంప్యూటర్ తేదీ తప్పు చూపిస్తోందని ఆమె ఫోన్ చేసింది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందని, తెప్పిస్తానని అన్నాడు. అది వచ్చేదాకా రోజూ పొద్దున ఫోన్లోనే తేదీ ఎలా సరిచేయాలో చెప్పేవాడు. ఆ పని అయ్యాక మాటలు వానమీదికి, మెస్సులో కూరలమీదికి మళ్లేవి. ఒకరోజు విజయశ్రీ నవ్వు విని, ఇంటికెవరొచ్చారోనని సమ్మమ్మ తొంగిచూసింది.

బ్యాటరీ వచ్చింది. వేసి వెళ్లిపోయాడు. ఇక ఫోన్ చేయడానికి సాకు లేదు. ఇల్లు మునుపటికంటే పెద్దదైనట్టు, గోడలు దూరం జరిగినట్టు అనిపించింది ఆమెకు. ఏదైనా వైరు పీకేద్దామా అనుకుంది. మనసొప్పలేదు.

శనివారం సాయంత్రం, గొడుగున్నా సగం తడిసి, హన్మకొండలో అతని షాపు ముందు నిలబడింది.

"మళ్ల ఆన్ అయితలేదా?" అంటూ అతను గబుక్కున లేచాడు.

"మంచిగనే అయితాంది. మీతోని మాట్లాడబుద్ధయింది. వచ్చిన."

బాలరాజు ఆమె గొడుగు అందుకుని గోడకు ఆనించాడు.

"వారం సంది నేనూ ఫోన్ దిక్కే చూస్తాన. ఏమని చెయ్యాల్నో తెల్వలే," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు మీ ఇంటికొస్త. పనికి కాదు. మిమ్మల్ని పెండ్లికి అడగనీకె."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు ఇష్టమే. మా అన్నకు మాత్రం మీరే చెప్పాలె," అంది.

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"నంబర్ చెప్పుండ్రి."