మూత మీది పేరు

నిజం బయటపెట్టడం పుణ్యమంటారు. అది బయటపడినచోట ఎవరో ఒకరు సిగ్గుతో చితికిపోతుంటే దేవుడికది ఇష్టమేనా? డిటెక్టివ్ నిదానంగారి దగ్గర చేరిన నాటినుంచీ అసిస్టెంటును ఈ సందేహం వదల్లేదు.

ఆ ఉదయం వచ్చిన ప్రయోగశాల డైరెక్టరమ్మ కుర్చీ అంచునే కూర్చుంది.

"చేప గుడ్లలోకి మందు ఎక్కిస్తామండీ, వెంట్రుకకన్నా సన్నని గాజు సూదితో. మా దగ్గర పనిచేసే పెద్దాయన ఎక్కించిన గుడ్లు బతుకుతున్నాయి. ఆయన మేనకోడలివి చస్తున్నాయి. కావాలనే పాడుచేస్తోందని అందరూ అంటున్నారు. ఇవాళ తేలకపోతే పిల్లను పంపించెయ్యాలి. నాకు మనసొప్పడం లేదు."

ప్రయోగశాలలో మేనమామ, మేనకోడలు పక్కపక్క బల్లల దగ్గర పనిచేస్తున్నారు. ఆయన సూది మైక్రోస్కోపుకు కుడివైపు, ఆమెది ఎడమవైపు బిగించి ఉన్నాయి.

"పుర్రచేతివాటం. చెబితే వినదు," అన్నాడు పెద్దాయన.

ఇద్దరూ గుడ్లను చెరో జెల్లీ పలక మీది గాడుల్లో పేర్చారు. పలక అంచున కోసిన గంటు ఎప్పుడూ తమకు ఎదురుగా ఉండాలన్నది అక్కడి నియమం. పనయ్యాక పలకను గాజుగిన్నెలో పెట్టి, మూత మీద పేరు రాశారు. రెండు గిన్నెలనూ వెచ్చని అరలో సర్దింది పెద్దాయనే.

"ఎవరిమీదైనా అనుమానముందా అమ్మా?" అని మేనకోడలిని అడిగారు నిదానంగారు.

"లేదండీ."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి."

"తేలు కుట్టిన దొంగలా ఎలా నోరు మూసుకుందో చూడండి సార్," గొణిగాడు అసిస్టెంటు.

"నువ్వూ కాస్త మూసుకో నాయనా."

మధ్యాహ్నం అందరినీ పిలిచి, నిదానంగారు గిన్నెల మూతలు తీసి పక్కన పెట్టారు.

"పేర్లు మూతలకే ఉన్నాయి, గుడ్లకు లేవు. మందులో ఎర్ర రంగు కలుపుతారిక్కడ. సూది దిగినవైపే రంగు చిక్కగా ఉంటుంది. గంటు ఎదురుగా పెట్టి చూడండమ్మా."

డైరెక్టరమ్మ మైక్రోస్కోపు మీదికి వంగింది. "బతికినవాటికి ఎడమపక్కన! చచ్చినవాటికి కుడిపక్కన!"

"చచ్చినవి చిరిగాయి కూడా. చెయ్యి వణికితే అలాగే చిరుగుతాయి. సర్దేటప్పుడు మూతలు మారాయి."

పెద్దాయన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. "బంగారు చెయ్యి అన్నారందరూ. వణుకు మొదలైందని చెప్పుకోలేకపోయాను."

"నీకు తెలుసా?" డైరెక్టరమ్మ పిల్లనడిగింది.

"నేను చేసిన పలక నాకు తెలీదా మేడమ్? పెంచినవాణ్ణి నలుగురిలో ఎలా పట్టివ్వను?"

అసిస్టెంటుకు తన నాలుక తనకే చేదైంది. "క్షమించమ్మా," అన్నాడు. ఆమె వినలేదు, మామ వైపే చూస్తోంది.

"నీ చెయ్యి నాకన్నా మంచిది," అన్నాడు పెద్దాయన. "పని నేర్పిన మొదట్లోనే తెలిసింది. ఆ ఒక్క మాట ఇన్నేళ్లూ నీకు బాకీపడ్డాను."

"ఇంట్లో అత్తయ్య ముందు కూడా చెబుతావా మావయ్యా?"

"చెబుతానమ్మా," అన్నాడాయన, ఎవరి ముఖమూ చూడలేక.