పళ్ళ డాక్టరు తోమిన రోమన్ నాణెం

ఆ పళ్ళ డాక్టరుకి తన చేతి పనితనం మీద నమ్మకం జాస్తి. ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

కాలేజీలో లెక్కలు చెప్పే అమ్మాయి రూట్ కెనాల్‌కి రావడం మొదలుపెట్టాక, పేషెంటు పన్ను త్వరగా బాగవుతోందని దిగులుపడిన వైద్యుడు లోకంలో అతనొక్కడే. ఆఖరి సిట్టింగు రోజు ఆమె కవర్లోంచి నల్లటి వెండి బిళ్ళ తీసి చూపించింది.

"రోమన్ దినారియస్! ఎన్నాళ్ళుగానో వెతుకుతుంటే ఇవాళ దొరికింది. సాయంత్రం మా నాణేలు సేకరించేవాళ్ళ మీటింగులో చూపించాలి."

"పాపం, మసి పట్టిపోయిందే!" అన్నాడు జాలిగా.

ఆమె నవ్వి, దాన్ని ట్రేలో పెట్టి నోరు తెరిచింది. పని అయ్యాక, మత్తు దిగేవరకు కళ్ళు మూసుకుంది. మనవాడి చేతులు ఊరుకుంటాయా? పళ్ళకు వాడే పేస్టు, గిర్రున తిరిగే బ్రష్షు. నాణెం తళతళలాడిపోయింది.

"సర్‌ప్రైజ్!"

ఆమె కళ్ళు తెరిచి చూసింది. మొద్దుబారిన పెదవులు కదల్లేదు గానీ, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అవి ఆనందబాష్పాలనుకుని, "దీనికి ఫీజు వద్దులెండి" అన్నాడు ఆ మహానుభావుడు.

ఆమె విసురుగా వెళ్ళిపోయాక, రిసెప్షన్‌లో కూర్చునే అతని అక్క ఫోన్లో వెతికి చదివింది.

"ఒరేయ్, ఆ నలుపే దానికి అందమట. తోమితే సగం ప్రాణం తీసినట్టేనట. ఇంత చదువు చదివి, చివరికి అంట్లు తోమినట్టు తోమావు కదరా!"

వారం రోజులు ఆమె ఫోను ఎత్తలేదు. ఇక రాదన్న ఊహకే అతనికి అన్నం సయించలేదు. చివరికి పాత సామాన్ల బజారంతా గాలించి, నల్లటి నాణెం ఒకటి కొని, వానలో తడుస్తూ ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఆమె దాన్ని తిప్పి చూసింది.

"అంచు చుట్టూ గీత చూశారా? అచ్చులో పోశారు. అసలువి సుత్తితో కొట్టి చేసేవాళ్ళు. ఇది నకిలీ అండీ."

"మరి ఆ నలుపు?"

ఆమె వాసన చూసి, "బూట్ పాలిష్!" అని పకపకా నవ్వింది.

అతనికి ఏడుపొక్కటే తక్కువ. "నాకు నాణేల్లో ఓనమాలు కూడా రావండీ. మీ మెప్పు కోసం తోమాను. మీరంటే ప్రాణం. క్షమిస్తారో, తలుపేస్తారో మీ ఇష్టం."

"కోపం ఇంకా పోలేదు. కానీ నాణెం పాడైనదానికన్నా, ఈ వారం మీరు కనబడకపోవడమే ఎక్కువ బాధగా ఉంది," అంది ఆమె తల దించుకుని. "ఒక్క షరతు. పెళ్ళయ్యాక నా నాణేలు చూడాలంటే, చేతులు వెనక్కి కట్టుకునే చూడాలి."

అతను అక్కడికక్కడే చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు.

"నాణేలు చూసేటప్పుడండీ బాబూ!" అంటూ ఆమె ఒక చెయ్యి లాగి పట్టుకుంది.